గడువు దాటిన అప్పీలు: న్యాయస్థానం ఎప్పుడు మన్నిస్తుంది, ఎప్పుడు మన్నించదు



మీరు ఇచ్చే లిల్లాహ్ సొమ్ములో పెద్ద భాగం చివరికి ఇటుక, సిమెంటు, ఇనుముగా మారుతుంది. బడికి ఒక గది, హాస్టల్‌కు పై అంతస్తు, మస్జిద్‌కు వజూఖానా, ఆడపిల్లల కుట్టు శిక్షణకు ఒక షెడ్డు. ఆ గోడలకు పునాది ఎంత అవసరమో మున్సిపాలిటీ ఇచ్చే అనుమతి కాగితం కూడా అంతే అవసరం. అనుమతి నిరాకరించినా, ఇచ్చింది రద్దు చేసినా, ప్లానుకు విరుద్ధంగా కట్టారు కాబట్టి తొలగించండి అని ఉత్తర్వు ఇచ్చినా చట్టం ఒక దారి ఉంచింది. అదే అప్పీలు. అయితే ఆ దారికి ఉన్న తలుపు ఎల్లకాలం తెరిచి ఉండదు. కొన్ని రోజులు మాత్రమే తెరిచి ఉంటుంది.

సంస్థలు నడిపే మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. "మన వైపు న్యాయం ఉంటే చాలు, నాలుగు రోజులు అటూ ఇటూ అయినా జడ్జి గారు వింటారు" అని. ఈ నమ్మకం సగం నిజం. ఏ సగం నిజమో తెలియకపోతే లక్షల రూపాయల విరాళంతో లేచిన గోడ ఒక తేదీ దగ్గర కూలిపోవచ్చు. మేము న్యాయవాదులం కాము. కేసు వస్తే న్యాయవాది దగ్గరికి వెళ్లవలసిందే. కానీ వెళ్లేలోగా ఏం జరుగుతుంది, ఏ కాగితం దాచుకోవాలి, ఏ మాట చూసి కంగారు పడాలి అనేది దాతలకూ కమిటీ సభ్యులకూ తెలిసి ఉండాలన్నది మా ఉద్దేశం.

కోర్టు భాషలో గడువును పెద్దలు మియాదు అనేవారు. ఉర్దూ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. మియాదు దాటిన దావాకు "కాలదోషం పట్టింది" అంటారు. దేశమంతటికీ వర్తించే కాలపరిమితి చట్టం 1963 నాటిది. దీని వెనుక ఉన్న ఆలోచన కఠినమైనదేమీ కాదు. ఏ తగాదా అయినా ఎక్కడో ఒకచోట ఆగాలి. పక్కింటివాడు ఇరవై ఏళ్ల తర్వాత వచ్చి మీ బడి అనుమతి చెల్లదని అప్పీలు వేస్తే మనకు ఎలా ఉంటుంది? గడువు మనల్ని కట్టేసినట్టే ఎదుటివాడినీ కట్టేస్తుంది. కొన్నిచోట్ల ప్రభుత్వాన్నీ కట్టేస్తుంది. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం పెద్ద భవనాల దరఖాస్తుపై అధికారులు 21 రోజుల్లో ఏదో ఒకటి తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క.

మరి గడువు తప్పితే? ఇక్కడ మనకు తెలిసిన ఒక పోలిక చెబుతాం. నమాజుకు వేళ ఉంది. నిద్రపట్టో మరచిపోయో వేళ తప్పితే గుర్తుకు వచ్చిన వెంటనే ఖజా చేసుకునే వీలుంది. హజ్‌లో అరఫాత్ మైదానంలో నిలవడం అలాంటిది కాదు. జుల్‌హిజ్జా 9న అక్కడ ఉండాలి, మరీ ఆలస్యమైతే ఆ రాత్రి తెల్లవారేలోగానైనా చేరాలి. అది తప్పితే ఆ ఏటి హజ్ తప్పినట్టే, ఎంత బలమైన కారణం ఉన్నా సరే. పోలిక అన్ని విధాలా అతకదని ఆలిములు అంటే ఒప్పుకుంటాం. పాఠం చెప్పడానికి మాత్రం పనికొస్తుంది. చట్టాల్లోని గడువులు కూడా ఈ రెండు రకాలే. కొన్నింటికి ఖజా ఉంది. కొన్నింటికి లేదు. మన చేతిలోని ఉత్తర్వు ఏ రకానికి చెందిందో తెలుసుకోవడమే మొదటి పని.

ఖజా ఉన్న రకం గురించి ముందు చూద్దాం. కాలపరిమితి చట్టంలో 5వ సెక్షన్ చిన్నదే. అప్పీలు గాని దరఖాస్తు గాని సకాలంలో వేయలేకపోవడానికి "తగిన కారణం" ఉందని కోర్టును ఒప్పించగలిగితే, గడువు దాటాక కూడా కోర్టు దాన్ని స్వీకరించవచ్చు. "స్వీకరించవచ్చు" అన్న మాట గమనించండి. స్వీకరించి తీరాలి అని లేదు. కారణం చూపించడం మన బాధ్యత. అది చాలా, చాలదా అని తేల్చడం కోర్టు విచక్షణ. తగిన కారణం అంటే ఏమిటో చట్టం విడమరిచి చెప్పలేదు. అది కావాలనే అలా వదిలేశారు. జబ్బు, చావు, వరద, తప్పు సలహా, ఉత్తర్వు అందకపోవడం, మనిషి జీవితంలో వచ్చే ఆటంకాలకు జాబితా రాయడం ఎవరి తరం?

ఆ విచక్షణను ఎలా వాడాలో సుప్రీంకోర్టు 1987లో ఒక కేసులో చెప్పింది. జమ్మూ కాశ్మీర్‌లోని అనంతనాగ్ భూసేకరణ కలెక్టర్‌కూ కాతిజీ అనే ఆమెకూ మధ్య కేసు అది. ప్రభుత్వం అప్పీలు వేయడంలో ఆలస్యం 4 రోజులే. హైకోర్టు ఆ 4 రోజులు మన్నించలేదు. సుప్రీంకోర్టు మన్నించింది. ఆలస్యంగా వచ్చేవాడికి మామూలుగా లాభం ఏమీ ఉండదు, నష్టమే ఉంటుంది. తలుపు దగ్గరే తిప్పి పంపితే మంచి కేసు కూడా వినకుండానే చచ్చిపోతుంది. విని ఓడిస్తే కనీసం న్యాయాన్యాయాలు తేలతాయి. ప్రతి రోజు ఆలస్యానికీ లెక్క చెప్పాలన్న పాత నియమాన్ని మూర్ఖంగా పట్టుకోకూడదని, అలా అయితే ప్రతి గంటకూ ప్రతి సెకనుకూ ఎందుకు అడగకూడదని ఆ తీర్పు ప్రశ్నించింది. ఈ నాటికీ ఆలస్యం మన్నించమని వేసే ప్రతి దరఖాస్తులో న్యాయవాదులు ఈ తీర్పును చూపిస్తారు.

1998లో బాలకృష్ణన్, కృష్ణమూర్తి అనే ఇద్దరి మధ్య కేసులో ఇంకో మెట్టు ఎక్కారు. అక్కడ ఆలస్యం 883 రోజులు. కక్షిదారు న్యాయవాదిని నమ్మి ఊరుకున్నాడు, న్యాయవాది పట్టించుకోలేదు. రోజుల సంఖ్య కాదు ముఖ్యం, చెప్పిన కారణం నమ్మదగ్గదా కాదా అన్నదే ముఖ్యం అని కోర్టు తేల్చింది. అయితే ఊరికే వదల్లేదు. ఎదుటి పక్షానికి 10,000 రూపాయలు ఖర్చులు కట్టమంది. ఇది కూడా గుర్తుంచుకోవలసిన విషయమే. మన్నింపు ఉచితం కాకపోవచ్చు. మన ఆలస్యం వల్ల ఎదుటివాడు కోర్టు చుట్టూ ఎక్కువసార్లు తిరిగాడు కదా, ఆ భారం మనమే మోయాలి.

ఈ రెండు తీర్పులు విని గుండె నిబ్బరం చేసుకుంటే పొరపాటు. నాణేనికి రెండో వైపు ఉంది. 2012లో పోస్ట్‌మాస్టర్ జనరల్ కేసులో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చింది. ఫైలు ఈ బల్ల నుంచి ఆ బల్లకు వెళ్లడానికి సమయం పట్టింది అని చెప్పుకుంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఫైలు నడక అనేది కారణం కాదు, సాకు అని తేలింది. 2013లో ఈషా భట్టాచార్జీ కేసు మాకు మరీ దగ్గరగా అనిపిస్తుంది, ఎందుకంటే ఆలస్యం చేసింది పశ్చిమ బెంగాల్‌లోని ఒక పాఠశాల మేనేజింగ్ కమిటీ. ఆలస్యం 2449 రోజులు. అంటే ఆరున్నరేళ్లకు పైనే. హైకోర్టు మన్నించింది గాని సుప్రీంకోర్టు ఆ మన్నింపును రద్దు చేసింది. ఉదారంగా చూడాలన్న మాట నిజమే, కానీ నిర్లక్ష్యాన్ని, కట్టుకథను, కావాలని చేసిన జాప్యాన్ని ఉదారత కింద దాచలేమని ఆ తీర్పు సారాంశం. కమిటీ మారింది, పాత కార్యదర్శి కాగితాలు అప్పగించలేదు, కొత్తవాళ్లకు తెలియదు అంటూ మన సంస్థల్లో తరచూ వినే మాటలు కోర్టులో ఎంత తేలిపోతాయో ఈ కేసు చదివితే తెలుస్తుంది. కమిటీ అన్నది మనుషులు మారినా మారని ఒకే కక్షిదారు.

ఇక భవన అనుమతుల విషయంలో చాలామంది గమనించని ఒక చిక్కు ఉంది. పైన చెప్పిన 5వ సెక్షన్ "కోర్టు"కు వర్తిస్తుంది. కానీ మున్సిపల్ ఉత్తర్వు మీద మొదటి అప్పీలు చాలాసార్లు కోర్టుకు వెళ్లదు. పై అధికారికి వెళ్తుంది. కొన్ని రాష్ట్రాల్లో అభివృద్ధి సంస్థ ఛైర్మన్‌కు వెళ్తుంది. ఉత్తరప్రదేశ్‌లో 1973 నాటి పట్టణ ప్రణాళిక చట్టం ప్రకారం కూల్చివేత ఉత్తర్వు మీద 30 రోజుల్లో ఛైర్మన్‌కు అప్పీలు చేసుకోవాలి. ఇలాంటి అధికారి కోర్టు కాదు. 2019లో తమిళనాడు దేవాదాయ శాఖ కమిషనర్ కేసులో, కమిషనర్ కోర్టు కాదు గనక 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆయనకు దానంతట అదే రాదని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఆ అధికారికి మన్నించే అధికారం కావాలంటే, ఏ చట్టం కింద ఆయన అప్పీలు వింటున్నాడో ఆ చట్టమే ఇవ్వాలి. ఆ చట్టం మౌనంగా ఉంటే మన కన్నీళ్లకు ఆయన కరిగినా చేయగలిగింది లేదు.

కాబట్టి ఉత్తర్వు చేతికి రాగానే దాని పైన రాసిన చట్టం పేరు, సెక్షన్ నంబరు చూసి, ఆ చట్టంలో అప్పీలు సెక్షన్ తెరవాలి. అక్కడ మూడు రకాల వాక్యాలలో ఏదో ఒకటి కనిపిస్తుంది. స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, 2016 చూడండి. అప్పీలేట్ ట్రిబ్యునల్‌కు 60 రోజుల గడువు, తగిన కారణం ఉంటే ఆ తర్వాత కూడా స్వీకరించవచ్చు. పైన హద్దు పెట్టలేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం అలా కాదు. పెద్ద నిర్మాణాలకు ఇచ్చే పర్యావరణ అనుమతి మీద 30 రోజుల్లో అప్పీలు వేయాలి, తగిన కారణం చూపితే మరో 60 రోజులకు మించకుండా పొడిగించవచ్చు. మొత్తం 90. ఆ "మించకుండా" అనే మాటే మనం చెప్పిన అరఫాత్ తెల్లవారుజాము. 91వ రోజున ఎంత మంచి కారణం ఉన్నా లాభం లేదు. మూడో రకంలో గడువు మాత్రమే రాసి, పొడిగింపు గురించి ఏమీ ఉండదు. అప్పుడు వినేది కోర్టా అధికారా అన్నది కీలకమవుతుంది.

అప్పుడు హైకోర్టు ఉంది కదా, రిట్ వేస్తాం అంటారు. రిట్‌కు చట్టంలో రాసిన గడువు లేదన్నది నిజమే. కానీ ఆ దారిని పక్కదారిగా వాడటానికి వీల్లేదని మన కాకినాడ కేసు చెబుతోంది. కాకినాడలోని వాణిజ్య పన్నుల అధికారికీ గ్లాక్సో స్మిత్‌క్లైన్ కంపెనీకీ మధ్య వివాదం అది. ఆంధ్రప్రదేశ్ వ్యాట్ చట్టంలో అప్పీలుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 30 రోజులు. కంపెనీ ఏడాదికి పైగా ఆలస్యంగా వచ్చింది. అప్పీలు తిరస్కరించారు. హైకోర్టు రిట్‌లో ఊరట ఇచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టసభ గట్టిగా ఒక హద్దు గీస్తే, దాన్ని పట్టించుకోకుండా రిట్ ద్వారా మళ్లీ తలుపు తెరవకూడదని. కేసు పన్నుదే గాని సూత్రం అన్ని అప్పీళ్లకూ వర్తిస్తుంది. పెద్ద కంపెనీకే ఆ గతి పడితే మన చిన్న ట్రస్టు సంగతి వేరే చెప్పాలా?

విదేశాల్లో ఉన్న దాతలు, ముఖ్యంగా ఇంగ్లండ్‌లో పిల్లలున్నవారు, అక్కడి సంగతి అడుగుతుంటారు. అక్కడ ప్రణాళికా అనుమతి నిరాకరిస్తే ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవడానికి చాలా సందర్భాల్లో 6 నెలలు ఉంటుంది. కానీ ఆ అప్పీలు తీర్పును హైకోర్టులో సవాలు చేయాలంటే 6 వారాలే. 1990 నాటి చట్టం పెట్టిన ఆ 6 వారాలను పొడిగించే విచక్షణ న్యాయమూర్తికి లేదు. 1970లలో లింకన్‌షైర్‌లోని బోస్టన్ పట్టణంలో ఒక రోడ్డు పథకంపై ఇలాంటి 6 వారాల గడువే దాటిన వ్యాపారి, అధికారులు చాటుగా వేరొకరికి హామీ ఇచ్చిన సంగతి తనకు తర్వాత తెలిసిందని మొరపెట్టుకున్నా అప్పీలు కోర్టు వినలేకపోయింది. ఆ దేశంతో పోలిస్తే మన కోర్టులకు ఉన్న విచక్షణ విశాలమైనదే. అందుకే దాన్ని దుర్వినియోగం చేసుకోకూడదని మా అభిప్రాయం.

గడువు లెక్కపెట్టడం కూడా ఒక విద్య. చాలామంది నష్టపోయేది ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. 2025 మార్చి 1న ఉత్తర్వు వచ్చింది, కోర్టులో అప్పీలుకు 30 రోజులు అనుకుందాం. కాలపరిమితి చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఉత్తర్వు వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు. మార్చి 2 మొదటి రోజు. మార్చి 31 ముప్పయ్యో రోజు. ఆ ఏడు ఆ రోజే ఈదుల్ ఫిత్ర్, కోర్టుకు సెలవు. 4వ సెక్షన్ ప్రకారం చివరి రోజు కోర్టు మూసి ఉంటే మళ్లీ తెరిచిన రోజు వేయవచ్చు. అంటే ఏప్రిల్ 1. అదీగాక ఉత్తర్వు ధ్రువీకృత నకలు కోసం మార్చి 5న దరఖాస్తు పెడితే 14న చేతికి వచ్చిందనుకోండి, ఆ 10 రోజులూ గడువులోంచి తీసేస్తారు. అప్పుడు చివరి తేదీ ఏప్రిల్ 10. ఈ రోజులు కోర్టు దయ కాదు, మన హక్కు. వీటికి మన్నింపు దరఖాస్తు అక్కర్లేదు. నకలు కోసం దరఖాస్తు పెట్టకుండా పది రోజులు కూర్చుంటే మాత్రం ఆ పది రోజులు మన ఖాతాలోనే పడతాయి. అలాగే పొరపాటున, చిత్తశుద్ధితో, వేరే కోర్టులో పోరాడిన కాలాన్ని 14వ సెక్షన్ లెక్క నుంచి తప్పిస్తుంది. ఆ సెక్షన్ నేరుగా అప్పీలుకు కాకపోయినా, అప్పీళ్లలో దాన్ని తగిన కారణంగా చూపుకోవచ్చు.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది అన్నది ఇంకో పెద్ద ప్రశ్న. ఉత్తర్వు మనకు అందినప్పటి నుంచా, అధికారి సంతకం పెట్టినప్పటి నుంచా? ఇక్కడ ప్రయాగ్‌రాజ్ కేసు చెప్పక తప్పదు. అక్కడ కొన్ని ఇళ్ల విషయంలో 2020 డిసెంబర్‌లో నోటీసు, 2021 జనవరిలో కూల్చివేత ఉత్తర్వు గోడకు అంటించారు. ఇంటివారి చేతికి ఇచ్చింది లేదు. రిజిస్టర్డ్ పోస్టులో కాగితం మార్చి 6న అందింది. మార్చి 7న బుల్‌డోజర్ వచ్చింది. అప్పీలు చేసుకునే 30 రోజుల హక్కు కాగితం మీదే మిగిలింది. 2025 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇది అమానుషమని, చట్టవిరుద్ధమని చెప్పి, ఇళ్లు కోల్పోయిన ఒక్కొక్కరికి 10 లక్షల రూపాయలు చెల్లించమని ఆ నగర అభివృద్ధి సంస్థను ఆదేశించింది. గోడకు అంటించడం అనేది చేతికివ్వడానికి నిజమైన ప్రయత్నాలు చేశాకే రావాలి గాని మొదటి రోజే కాదు.

దానికి ముందే, 2024 నవంబర్ 13న, న్యాయమూర్తులు గవాయి, విశ్వనాథన్ దేశమంతటికీ నిబంధనలు ఇచ్చారు. కూల్చే ముందు నోటీసు ఇవ్వాలి, స్థానిక చట్టం చెప్పిన గడువు లేదా 15 రోజులు, ఏది ఎక్కువైతే అది, జవాబుకు ఇవ్వాలి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, భవనం బయట అంటించాలి కూడా. పాత తేదీ వేసి కాగితం పుట్టించే ఆరోపణలు రాకుండా కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్‌లో తెలియజేయాలి. స్వయంగా చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. చివరి ఉత్తర్వు అందిన తర్వాత కూడా 15 రోజులు కూల్చకూడదు, ఆ వ్యవధి అప్పీలు కోసమే. చట్టంలో అప్పీలు ఉన్నా లేకపోయినా ఈ 15 రోజులు వర్తిస్తాయి. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్కన, నదులు, చెరువుల మీద ఉన్న అక్రమ కట్టడాలకు ఈ రక్షణ లేదు. కోర్టే కూల్చమన్న చోట కూడా లేదు. చెరువు శిఖంలో స్థలం చవకగా వస్తోందని సంబరపడే కమిటీలు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

కోవిడ్ రోజుల్లో ఏం జరిగిందో కొందరికి గుర్తుండే ఉంటుంది. సుప్రీంకోర్టు తనంత తానుగా కేసు తీసుకుని, 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు దేశంలోని అన్ని గడువుల లెక్క ఆపేసింది. అది అసాధారణ సమయానికి అసాధారణ ఊరట. ఆ అలవాటు ఇంకా మనల్ని వదల్లేదేమో అనిపిస్తుంది. "చివర్లో ఎలాగూ పొడిగిస్తారు" అన్న మాట ఆ తర్వాతే ఎక్కువగా వింటున్నాం.

ఆ మాట ఎంత ప్రమాదమో వక్ఫ్ ఆస్తుల నమోదులో చూశాం. 2025 సవరణ ప్రకారం అంతకుముందే నమోదైన ప్రతి వక్ఫ్ వివరాలు ఉమీద్ పోర్టల్‌లో 6 నెలల్లో ఎక్కించాలి. పోర్టల్ జూన్ 6న మొదలైంది. గడువు డిసెంబర్ మొదటి వారంతో ముగుస్తుండగా అందరికీ కలిపి పొడిగించమని సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిసెంబర్ 1న కోర్టు కాదంది. చట్టంలోని 3బీ సెక్షన్‌లోనే దారి ఉంది, ముతవల్లీ తగిన కారణంతో ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకుంటే మరో 6 నెలలకు మించకుండా పొడిగించవచ్చు, అక్కడికి వెళ్లండి అంది. అంటే మందకు మందగా మన్నింపు లేదు. ఎవరి కారణం వారే చెప్పుకోవాలి. ఇంకో మార్పు ఇంతకన్నా లోతైనది. పరాధీనమైన వక్ఫ్ భూమిని తిరిగి స్వాధీనం చేసుకునే దావాకు కాలపరిమితి వర్తించదని 1995 చట్టంలో ఉన్న 107వ సెక్షన్‌ను మార్చేశారు. ఇక ఆ దావాలకు మామూలు కాలపరిమితే. పైన చెప్పిన 5వ సెక్షన్ అప్పీళ్లకు, దరఖాస్తులకే గాని దావాలకు వర్తించదు. దావా ఆలస్యమైతే మన్నించమని అడిగే తలుపే లేదు. ఎన్నో ఏళ్లుగా "వక్ఫ్ భూమి ఎక్కడికి పోతుంది, తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టిన కాగితాలు ఏ కమిటీ బీరువాలో ఉన్నా ఇప్పుడు బయటికి తీయవలసిందే.

మళ్లీ భవనం దగ్గరికి వద్దాం. ఒకవేళ ఆలస్యం జరిగే పోయింది, చట్టంలో మన్నింపుకు వీలుంది అనుకుందాం. అప్పీలుతో పాటు ఆలస్యం మన్నించమని వేరే దరఖాస్తు, దానికి ప్రమాణపత్రం వేయాలి. ప్రమాణపత్రంలో చాలా సంస్థలు రాసేది ఒక్క వాక్యం: "అనివార్య కారణాల వల్ల ఆలస్యమైంది." ఇది రాయకపోయినా ఒకటే. ఉత్తర్వు ఏ తేదీన, ఎవరి చేతికి, ఎలా వచ్చింది? కార్యదర్శి ఉమ్రాకు వెళ్లి ఉంటే వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, విమానం టిక్కెట్టు. ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జి కాగితం. న్యాయవాదికి ఫైలు ఇచ్చిన తేదీ. కమిటీ సమావేశం జరిగి తీర్మానం చేసిన తేదీ. గడువు ముగిసిన రోజు నుంచి అప్పీలు వేసిన రోజు దాకా కథలో ఖాళీ కనిపించకూడదు. అన్నిటికీ మించి, అది నిజమై ఉండాలి. సంస్థ పేరుతో అబద్ధపు ప్రమాణం చేసి మన్నింపు తెచ్చుకోవడం కన్నా కేసు ఓడిపోవడమే మేలని మేము గట్టిగా నమ్ముతాం. కోర్టు పట్టుకుంటే కేసుతో పాటు పరువూ పోతుంది, దాతల నమ్మకమూ పోతుంది.

మన్నింపు వచ్చినంత మాత్రాన గెలిచినట్టు కాదు. తలుపు తెరిచారు, అంతే. లోపల అనుమతి సరైనదా, ప్లాను ప్రకారం కట్టారా అన్నది మళ్లీ తేలాలి. 2024 డిసెంబర్‌లో మీరట్ దుకాణాల కేసులో, అక్రమ కట్టడం ఎన్నేళ్లు నిలిచినా, ఎంత పెట్టుబడి పెట్టినా అది సక్రమం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. "విరాళాలతో కట్టాం, పేదపిల్లలు చదువుకుంటున్నారు" అన్న మాట అక్కడ జాలి పుట్టిస్తుంది గాని అనుమతిని పుట్టించదు.

ఆలస్యపు అప్పీలుకు ఇంకో కష్టం ఉంది, అది చాలామందికి తెలియదు. సివిల్ కోర్టు అప్పీళ్లలో, ఆలస్యం మన్నించాలా వద్దా అన్నది తేలి, అప్పీలు వింటామని కోర్టు నిర్ణయించే వరకు కింది ఉత్తర్వు అమలును ఆపుతూ స్టే ఇవ్వడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 41వ ఆర్డర్, 3ఏ నిబంధన చెబుతోంది. సకాలంలో వచ్చినవాడు మొదటి రోజే స్టే అడగగలడు. ఆలస్యంగా వచ్చినవాడు ముందు తన ఆలస్యం సంగతి తేల్చుకోవాలి. ఆ నడుమ రోజుల్లో గోడకు రక్షణ లేదు.

ఈ సంచిక చదివే దాతల్లో చాలామంది ఏదో ఒక మస్జిద్ కమిటీలోనో, బడి కమిటీలోనో ఉన్నవారే. ఈ ఏడాది వార్షిక సమావేశంలో లెక్కలు అడిగేటప్పుడు మూడు ప్రశ్నలు కలిపి అడగండి. సంస్థ చిరునామాకు వచ్చే రిజిస్టర్డ్ పోస్టు సెలవుల్లో ఎవరు తీసుకుంటారు? వచ్చిన కవరును, దాని మీది తపాలా ముద్రతో సహా, ఎక్కడ దాచుతున్నారు? వచ్చిన తేదీ రాసే రిజిస్టరు ఉందా? ఆ రిజిస్టరు ఖరీదు యాభై రూపాయలకు మించదు. లేకపోతే రేపే కొనమని చెప్పండి, మొదటి పేజీలో మీరే తేదీ వేయండి.